సుశీలమ్మ సిస్టర్ ఆ దినం నిద్రపోలే

ఆ నర్సు కథ నాకు ముందుగాల ఎవరు చెప్పిండ్రని అడిగినవు గద బిడ్డా. సిరవార బస్టాండుల చాయ్ అమ్మే పాషా చెప్పిండు. వాడు నన్నెరగడు. నేను రాయచూరు బస్సు కోసం కూసున్న, చేతిల చాయ్ ఉంది. వాడు పొయ్యి ఎగదోసుకుంట ఇంకొకనికి చెప్తున్నడు: "దవాఖానల ఒక నర్సు కుర్చీల నిద్రపోయిందంట, ఉచ్చ నళి బందయి కరెంటు ప్లాంటు మనిషి కడుపుబ్బి సచ్చిండంట." నేనే అడిగిన, "సచ్చిండా పాషా?" అని. "సచ్చిండు పెద్దాయనా, ఎరుకున్నోళ్ళే చెప్పిండ్రు" అన్నడు. సచ్చిన మనిషి ఇంకొక చాయ్ తాగి బస్సెక్కిండు.

నేనే ఆ మనిషినని ఎందుకు చెప్పలేదంటవా? ఆడికే వస్తున్న, తొందర పడకు. నువ్వు నా బిడ్డ కడుపున పుట్టి, నర్సు చదువు చదువుకుంట, నిన్న అన్నం కాడ ఏమంటివి? మా బడిల మేడం పాఠం చెప్పింది తాతా, సుశీల అనే సిస్టరు డ్యూటీల నిద్రపోయి పేషెంటుకు తక్లీఫ్ తెచ్చింది, మీరట్ల చెయ్యొద్దని అన్నది అంటివి. నాకు ముద్ద దిగలే. మీ అవ్వ పప్పుల ఉప్పు తక్కువైందేమో అనుకున్నది. ఉప్పు సరిగనే ఉండె.

నా పని నీకు సరిగ ఎరుక లేదు. మీ అమ్మ ఎప్పుడు చెప్పినా "మా నాయిన ప్లాంటుల కూలి" అంటది, నాకు ఒళ్ళు మండుతది. కూలి కాదు. బొగ్గు కాలినంక బూడిద మిగుల్తది గద, దాన్ని నీళ్ళల కలిపి పెద్ద పెద్ద పైపులల్ల చెరువుకు తోలుతరు. ఆ లైను మీద వాల్వులన్నీ నావి. పైపుకు చెవి పెడితే లోపట ఏడ బూడిద పేరుకుందో చెప్తుంటి. కొత్త చిమ్నీ లేస్తున్న ఏడాది ఒక చిన్న ఇంజినీరు వచ్చిండు, మీసం గూడ సరిగ మొలవలే, అందరి ముందల నన్ను "ఏ అంగూఠా" అని పిలిచిండు. వేలిముద్ర మనిషినని. ఆ కోపానికి, మీ అవ్వ పలక మీద రాసిస్తె, కన్నడల నా పేరు గీసుడు నేర్చుకున్న. మూడక్షరాలు, ఈరన్న. అంతే వస్తది నాకు. చదవనీకి రాదు. దస్కత్ మాత్రం చక్కగ పెడ్త. ఇది యాదిల పెట్టుకో, తర్వాత కావాలె.

మా పనిల ఒక కట్టుబాటు ఉండె. వాల్వు మూసినోడు దానికి గుడ్డపీలిక కట్టాలె. ఎందుకంటె ఇంకొకడు తెలవక తిప్పితె కింద పనిచేసేటోని మీద వేడి నీళ్ళు పడ్తయి. మూసినోడే ఆ గుడ్డ విప్పాలె. చేయి దానంతటదే కడ్తది, మనసుతోని పని లేదు. ఇంట్ల నల్లా బంద్ చేసి గూడ నేను గుడ్డ కట్టిన దినాలున్నయి, మీ అవ్వనడుగు.

ఇగ ఆ రోగం. యాభై దాటినంక ఉచ్చ సన్నగయింది. నిలబడితె రాదు, వచ్చినా తెగి తెగి వచ్చేది, ఇంక మిగిలింది మిగిలిందనే ఉండేది. పంపు షెడ్డు ఎనక నిలబడితె తోటోళ్ళు "ఈరన్నా, లైను జామయిందా, చెవి పెట్టి సూడు" అని నవ్వుతుండ్రి. షరమయి డ్యూటీల నీళ్ళు తాగుడు బంద్ జేసిన. రాయచూరు ఎండల, బాయిలర్ పక్కన, ఎంత తెలివి సూడు. డాక్టరు దగ్గరికి పోతె, మగోళ్ళకు మూత్రసంచి కింద ఒక గడ్డ ఉంటది, వయసొస్తె అది పెరిగి దారి ఒత్తుతదని చెప్పి గోలీలు రాసిచ్చిండు. పండుకునే ముందల మింగాలె, లేచేటప్పుడు మెల్లగ లేవాలె, లేకుంటె కండ్లు తిరుగుతయి. మంచి గోలీలు, అబద్ధమెందుకు, దారి కొంచెం సదురయింది. సదురయినంక నేను మానేసిన. రోగం పోయిందనుకున్న.

మల్ల ఒకసారి జలుబు పట్టింది. ప్లాంటుల బూడిదకు అందరికి జలుబే, మందుల డబ్బల పచ్చ గోలీలు ఉంటుండె, బఠాణీలు తిన్నట్టు తింటుంటిమి. రెండు మింగి యాపలదిన్నికి పోయిన, మీ అవ్వ తమ్ముడు హనుమంతు కొత్తిల్లు పాలు పొంగిచ్చిండు ఆ దినం. భోజనాలు కాకముందే ఉచ్చ బందయింది. పూరాగ బంద్. బొట్టు రాదు. పొత్తికడుపు కుండలెక్క గట్టిపడ్డది. జీపుల ఏసి రాయచూరుకు తెచ్చిండ్రు, తొవ్వల ఒక్కొక్క గుంతకు నా పాణం పోయి వచ్చింది.

ఆడ మొదటిసారి సుశీలమ్మ సిస్టరును చూసిన. నల్లగ, పొట్టిగ, గట్టి గొంతు. నళి పట్టుకొని వస్తె నేను ఆడమనిషి వద్దు, మొగోళ్ళను పిలువుమన్న. ఆమె కన్నడలనే అన్నది, "ఈరన్నా, నీ సిగ్గు ఆ బల్ల మీద పెట్టు. ఇంటికి పోయేటప్పుడు యాది మరవకుండ తీసుకపో." మీ అవ్వ అంత బాధల గూడ నవ్వింది. నళి లోపటికి పోయింది, లీటరున్నర ఉచ్చ వచ్చింది బిడ్డా. ఆ సుఖం ఎట్ల చెప్పాలె? నాకు కండ్లెంట నీళ్ళొచ్చినయి. అప్పుడామె అడిగింది, ఈ మధ్యల ఏం గోలీలు తిన్నవని. పెద్ద డాక్టరు గూడ అడగలే ఆ మాట. జలుబు గోలీలని చెప్పిన. "అదే బంద్ చేసింది. నీ అసొంటి గడ్డ ఉన్నోళ్ళు అవి ముట్టొద్దు" అన్నది. ఆ దినం నుంచి ఈ దినం దాక ముట్టలే. జలుబయితె మిరియాల కషాయమే.

గోలీలతోని ఇగ కాదని ఆపరేషన్ జేసిండ్రు. కోసేది లేదు, వెన్నుల సూది ఇచ్చి కిందికెల్లి దీపమున్న సన్న గొట్టం పంపి గడ్డను చెక్కి తీస్తరు. నువ్వు చదివే ఉంటవు, నేనేం చెప్పేది. తర్వాత పైన రెండు సీసాలు ఏలాడదీసిండ్రు. ఒక దారి నుంచి నీళ్ళు మూత్రసంచిలకు పోతయి, ఇంకొక దారి నుంచి నెత్తురు కలిసిన నీళ్ళు కింద సంచిలకు వస్తయి. పై నళికి ఒక చిన్న చక్రం. సుశీలమ్మ దాన్ని చూపిచ్చి చెప్పింది: "ఎర్రగ వస్తె నేను నీళ్ళు ఎక్కువ విడుస్త, తెల్లబడితె తగ్గిస్త. ఇది నా పని. నువ్వు ముట్టొద్దు." మూడుసార్లు చెప్పింది. మీ అవ్వకు గూడ చెప్పింది.

పక్క మంచం మీద రైతు ఒకాయన ఉండె, కాలువ నీళ్ళకని కోస్తా నుంచి వచ్చి ఈడ క్యాంపుల ఇల్లు కట్టుకున్న మనిషి. "మీరు ప్లాంటులో వాల్వులు చూస్తారటగా, ఇదీ మీ లైనేనండీ" అని పొద్దున పరాచికమాడిండు. ఆ మాట నాకు తలకెక్కింది, ఒప్పుకుంట. పగలు అన్నాలేళకు ఆయనను గూడ ఆపరేషన్ జేసి తెచ్చిండ్రు. సుశీలమ్మ ఆయనను మంచం మీదికి తీసుకోనీకి పోయింది. ఆమె ఒక్కతే, వార్డు నిండ మంచాలు. మీ అవ్వ ఆ కొసకు నీళ్ళకు పోయింది. నేను కింద సంచి సూసిన. ఎరుపెక్కుతున్నది. మా లైనుల కింది పక్క చెడితె ముందుగాల పై వాల్వు మూయాలె, అది పద్ధతి. నేను చేయి సాపి చక్రం మూసిన.

కింద ఎర్రనీళ్ళు ఆగినయి. నేను ఎంత గొప్ప పని జేసిన్నో అనుకున్న. నీళ్ళే పోకుంటె ఏం వస్తది ఆడ? లోపట నెత్తురు గడ్డకడుతున్నది, నళి మూసుకపోతున్నది, నాకేం ఎరుక. కొంచెంసేపటికి కడుపు బిగిసింది. జలుబు గోలీల నాటి నొప్పి దీని ముందల ఏమీ కాదు. నేను అరిచిన. ఆమె ఉరికొచ్చింది. ముందుగాల చక్రం సూసింది. దాని పక్కన నళికి నా తువ్వాల అంచు చింపిన పీలిక కట్టి ఉంది.

అవును బిడ్డా. కట్టిన. కట్టినట్టు గూడ నాకు ఎరుక లేదు.

ఆమె ఆ పీలిక సూసింది, నా మొకం సూసింది. నేను గోడ సూసిన. ఆమె పీలిక విప్పి కొంగుల దోపుకున్నది, పెద్ద పిచికారి తెచ్చి ఉప్పునీళ్ళు లోపటికి కొట్టుడు, గుంజుడు, మల్ల కొట్టుడు, గుంజుడు. కారిజం ముక్కల లెక్క గడ్డలు వచ్చినయి. ఆమె తెల్లచీర నిండ నా నెత్తురు. నొసటి చెమట తుడుసుకోనీకి చేయి ఖాళీ లేదు, మీ అవ్వ తుడిచింది. ఎంతసేపో నాకు తెలవదు. ఆఖరుకు నీళ్ళు మల్ల నడిచినయి, నా కడుపు మెత్తబడ్డది.

డాక్టరు వచ్చి అడిగిండు, ఎవరు మూసిండ్రని. ఆమె నా దిక్కు సూసి నిలబడ్డది. నేను చెప్తనని. నేను చెప్పలే. మూడుసార్లు చెప్పినా ముట్టిన మనిషిని, ముప్పై ఏండ్లు వాల్వులు సూసిన మనిషిని, ఏ నోటితోని చెప్పాలె? ఆమె "నేను అటు పక్క ఉన్న సార్, వచ్చేటాలకు మూసి ఉండె" అన్నది. పుస్తకంల గూడ అంతే రాసింది. కండ్లతోని చూడనిది ఆమె రాయదు.

తెల్లారి హనుమంతు వచ్చిండు. వాడు కచేరి ముందల అర్జీలు రాసి బతికేటోడు. ఎవని తప్పయినా అర్జీ ఉంటెనే వానికి అన్నం సయిస్తది. "బావా, నిన్ను సంపబోయింది ఆ నర్సు, ఇడిసిపెడ్తమా" అని కన్నడల రాసిండు. నేను ఏం రాసినవని అడగలే. వాడు చెప్పలే. వార్డుల అందరు సూస్తుంటె నేను నా మూడక్షరాలు గీసిన, చక్కగ గుండ్రంగ. అంగూఠా కాదని చూపిచ్చుకోనీకి. ఆ కాయితంల "నిద్రపోతుండగ మేము కండ్లార సూసినం" అని ఉండెనని మీ అవ్వకు నెల దినాలకు తెలిసింది. అప్పటికి సుశీలమ్మను ముదగల్ దిక్కు మార్చిండ్రు. వానితోని నేను ఈ నాటికి మాట్లాడ. పెండ్లిల ఎదురుపడినా మొకం తిప్పుకుంట. మీ అవ్వ అంటది, "కాయితం వాడు రాసె, దస్కత్ నువ్వు పెడ్తివి, మరి నీతోని నువ్వెట్ల మాట్లాడుతున్నవు" అని. ఆమెతోని వాదించుడు కష్టం.

శానా ఏండ్లకు ఆ బస్టాండుల పాషా మాట విన్న, విన్న వారానికే నేను ముదగల్ పోయిన. లింగసుగూరుల బస్సు మారి, కోట దాటి, అడుగుకుంట పోయిన. ఆమె సూదులిచ్చే రూముల ఉండె, జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. మొదటి మాట ఏమడిగింది అనుకుంటున్నవు? "ధార ఎట్లుంది ఈరన్నా?" అన్నది. మంచిగుందమ్మా, రాత్రి ఒక్కసారి లేస్త, మల్ల తెల్లారేదాక పండుకుంట అన్న. "నీళ్ళు తాగుతున్నవా?" తాగుతున్ననమ్మా. "జలుబు గోలీలు?" ముట్టలేదమ్మా. నేను తెచ్చుకున్న మాట నోట్లనే ఉంది, ఆమె పరీక్ష అయిపోతలేదు.

ఆఖరుకు అన్న, ఆ చక్రం నేనే మూసిన అని. "గుడ్డ కట్టి మరీ మూసినవు" అన్నది. నాకు నేల సీలి లోపటికి పోదమనిపిచ్చింది. మరి డాక్టరుకు ఎందుకు చెప్పలేదమ్మా అంటె, "నొప్పిల ఉన్న మనిషిని తిట్టిచ్చుడెందుకని. పొద్దూకె దాక సూసిన, నువ్వే చెప్తవని. తెల్లారి దాక గూడ సూసిన. అర్జీ వచ్చింది." అంతే అన్నది, కోపంగ గూడ కాదు. ఆ పీలిక ఏం జేసినవని అడిగిన. "మురికి గుడ్డ, దాచిపెట్టుకుంటనా, పారేసిన" అన్నది. ఇప్పుడు దవాఖానల చెప్త నడువమ్మా అంటె, వద్దు, నా నౌకరీ నడుస్తున్నది, మనుమలు గూడ అయిండ్రు, నువ్వు ఆరోగ్యంగ ఉండు చాలన్నది. నేను గూడ వద్దన్నది గద అని ఊకున్న. ఆమె వద్దన్నది ఆమె మంచితనం. నేను ఊకున్నది ఏంది మరి?

బిడ్డా, నేను ఈ వయసుల పొద్దుగాల లేచి, ఎవరి సాయం లేకుండ, సంచి లేకుండ, నళి లేకుండ పోసి వచ్చి పండ్లు తోముకుంటున్న. ఇది చిన్న సంగతి కాదు, నీకు నా వయసొస్తె తెలుస్తది. దేవుని పేరు తల్చుకునే ముందల ఆమె పేరు తల్చుకుంట. అసొంటి మనిషి పేరు మీ బడిల పిల్లలకు నిద్రపోయిన నర్సని నేర్పుతున్నరు. నేను సచ్చిన అని పాషా అంటె నవ్వుకున్న. ఆమె నిద్రపోయిందంటె నవ్వెట్లొస్తది?

ఆ పెట్టెల కాయితం ఉంది, తీసుకో. కన్నడల రాయి, మీ మేడం చదివేటట్టు. మూడుసార్లు వద్దని చెప్పిందని రాయి. చక్రం ఈరన్న మూసిండని, గుడ్డ కట్టిండని, అడిగితె నోరు తెరవలేదని రాయి. సుశీలమ్మ సిస్టరు ఆ దినం నిద్రపోలేదని, పక్క మంచం మనిషిని ఎత్తుతుండెనని, నా పాణం ఆమె చేతులతోని గుంజి తెచ్చిందని రాయి. హనుమంతు పేరు... వద్దు, ఇడిసిపెట్టు, వాని పేరుకు ఆ కాయితంల జాగ ఎందుకు. నీ చేయి గూడ ఆమె చేయిలెక్క కావాలె బిడ్డా, నా ఆయుష్షు గూడ నీకే.

రాసినంక ఒకసారి చదివి వినిపియ్యి. మెల్లగ. మల్ల ఇంకొకసారి చదువు. రెండుసార్లు విన్నంక కలం నా చేతికియ్యి.