రైలు ఆగకపోతే

రైలు డ్రైవరు ఉద్యోగానికి ఇంటర్వ్యూలో తప్పిన కూతురు వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపల వంట చేస్తున్న తండ్రి రైలు డ్రైవరే.

“ఏమడిగారు?”

“పట్టాల మీద మనిషి కనబడితే ఏం చేస్తావన్నారు. హారన్ కొట్టి బ్రేకు వేస్తానన్నాను.”

“బాగానే చెప్పావుగా. మరి?”

“అప్పటికీ రైలు ఆగకపోతే, మర్నాడు డ్యూటీకి ఎలా వస్తావన్నారు. నోరు పెగల్లేదు నాన్నా.”

“ధైర్యంగా వస్తానంటే నీ సొమ్మేం పోయింది?”

“నీకలా జరిగినప్పుడు నువ్వు ముద్ద ఎత్తలేకపోవడం గుర్తొచ్చింది. అయినా మర్నాడే డ్యూటీకి వెళ్లావు. ఎలా వెళ్లావో ఎప్పుడూ చెప్పలేదు.”

తండ్రి పొయ్యి కట్టేశాడు.

“వెళ్లలేదమ్మా. నెల రోజులు సెలవు పెట్టి, రోజూ యూనిఫాం వేసుకుని బయల్దేరి, స్టేషన్ బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చాను. మీ అమ్మకి కూడా తెలీదు.”

“మళ్లీ ఇంజనెలా ఎక్కావు?”

“కూర్చో, చెప్తాను. ఆర్నెల్లలో నిన్ను మళ్లీ ఇంటర్వ్యూకి పిలుస్తారుగా.”