పాల గిన్నెతో పాఠం చెప్పిన మా డబ్బాల టీచరుగారికి

1989 జూన్ 19న మా డబ్బాల టీచరుగారు ఈ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి ఉపాధ్యాయురాలిగా బాధ్యతలు స్వీకరించినప్పుడు, తరగతి గదిలో ఆవిడకు లభించిన బోధనోపకరణాలు ఒక నల్లబల్ల, అరిగిపోయిన డస్టరు, ధారాళమైన గాలీ వెలుతురూ మాత్రమే. మిగిలినవన్నీ ఆవిడే సమకూర్చుకున్నారు. కిరాణా కొట్టు అట్టపెట్టెలు, దర్జీ దగ్గర మిగిలిన గుండీలు, సీసా మూతలు, ఖాళీ డబ్బాలు... వీధిలో ఎవరేది పారెయ్యబోయినా "ఒక్క నిమిషం ఆగండి!" అంటూ ఆవిడ కంఠం వినిపించేదట. బిరుదు అలా సంప్రాప్తించింది.

తొలి ఏడాది ఉద్యోగం తాత్కాలికం. ఇన్‌స్పెక్టరుగారు పాఠం చూసి మెచ్చుకుంటేనే ఖాయం, లేకపోతే ఇంటికే. ఆవిడ 'ఏ పాత్రలో ఎక్కువ పడుతుంది' అనే పాఠం ఎంచుకుని, వారం రోజులు పథకం రచించి, ఆ ఉదయం అత్తగారు స్నానానికి వెళ్లిన అదను చూసి వంటింటిని సమూలంగా బడికి తరలించారు. అత్తగారిని అడగడం అనే అంశమొక్కటే పథకంలో లేదు.

పాఠం సగంలో ఉండగా అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏమ్మా, పొయ్యినీ నన్నూ తప్ప అన్నీ ఎత్తుకొచ్చేశావా? పాలు దేంట్లో కాచను, నా నెత్తిన?"

టీచరుగారు చేతిలోని గరిటెను వెనక్కి దాచుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు సవరించుకున్నారు. ముందు వరసలోని ఓ పాప మాత్రం తడుముకోలేదు.

"ఎన్ని గ్లాసుల పాలు, బామ్మగారూ?"

"ఆరు."

"అయితే ఈ చిన్న గిన్నె చాలు. ఇందాకే కొలిచాం. సరిగ్గా ఆరు పడతాయి."

"పడతాయే తల్లీ! పొంగితే నువ్వొచ్చి తుడుస్తావా?"

పాప గిన్నెలోకి తొంగి చూసింది. "పొంగడానికి చోటుండాలి కదా! అయితే పెద్దదే తీసుకెళ్లండి."

ఇన్‌స్పెక్టరుగారు నవ్వాపుకోలేక లేచి నిలబడ్డారు. "టీచరుగారూ, ఉద్యోగం మీది. గిన్నె మాత్రం మీ అత్తగారిది. ఇచ్చెయ్యండి."

మరుసటి ఏడాది నుంచి అత్తగారే గిన్నెలు తోమి మరీ పంపేవారట. పాల గిన్నెను మాత్రం చివరిదాకా నమ్మి ఇవ్వలేదు.

అనంతరకాలంలో ప్రధానోపాధ్యాయురాలైన మా టీచరుగారు, కొత్తగా చేరిన మాబోటి ఉపాధ్యాయులకు ముందు పాఠం ఆలోచించుకోవాలనీ, ఆ తర్వాతే వస్తువులు వెతుక్కోవాలనీ, తెచ్చేముందు ఇంట్లో అడగాలనీ నేర్పారు. నేను ల్యాప్‌టాప్‌లో ఆ గిన్నెల పాఠానికే గ్లాసులు నిండే బొమ్మ తయారుచేసి గర్వంగా చూపించాను.

"భలే ఉందమ్మా. ఒలుకుతుందా?"

"ఒలకదు మేడమ్!"

"ఒలికితేనే కదా పిల్లలకు సరదా," అని చెంబూ, తడిగుడ్డా నా చేతికిచ్చారు. నేల తుడవడం నా వంతయింది. పాఠం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఆనాడు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఉద్యోగాన్ని ఇంతకాలం నిండుగా నిర్వహించి, ఈవేళ పదవీ విరమణ చేసి, తమంతట తాము మాకు అప్పగించి వెళ్తున్న వారికి చక్కని ఆరోగ్యమూ, చెప్పిన మాట వినే మోకాళ్లూ, ఎవరికీ సెలవు చీటీ రాయనక్కర్లేని సుదీర్ఘమైన జీవితమూ కలగాలని మేమంతా మనసారా ఆకాంక్షిస్తున్నాం.