ఎల్లయ్య బతికించిన పగడం

కరెంట్ పోయి మరమగ్గాలు ఆగితే షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా దగ్గులు మాకే వినపడతాయి. ఆ తర్వాత వినపడేది ఎల్లయ్య గొంతు.

ఎల్లయ్య మా షెడ్డులో జాబర్. మగ్గం మొండికేస్తే బాగుచేసేవాడు. యూనియన్ మీటింగులన్నిటికీ పోతాడు, అక్కడ విన్న నినాదాలన్నీ ఇంటికి తెచ్చుకుంటాడు, మళ్ళీ మా మీదే వదులుతాడు. ఆ మధ్యాహ్నం రేకులు పెనంలా కాలుతుంటే మేమంతా షెడ్డు బయట, మల్లప్ప చాయ్ బండి దగ్గర నీడలో కూర్చున్నాం. పక్క గడప ఎల్లయ్యదే. అక్కడ అతని భార్య బాలమణి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

అప్పుడు స్కూటీ మీద తృప్తి వచ్చింది. కాళ్ళ మధ్య మూతున్న తెల్ల బకెట్. మూతకు చిన్న కన్నం, అందులోంచి సన్నటి గొట్టం, బయట బ్యాటరీ సెల్లులతో నీళ్ళలోకి గాలి ఊదే చిన్న పంపు. బకెట్ లోపల గుడగుడమని చప్పుడు.

"మామా, నీ ఇంట్ల తెల్లబడ్డ పగడాన్ని బతికించినవంట. ఖరేనా?"

ఆ పిల్ల కొంతం చౌక్ దగ్గర చేపల తొట్లు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. వాళ్ళింట్లో బీడీలు చుట్టకుండా బతుకుతున్న మొదటి ఆడమనిషి. హోట్గి రోడ్ డాక్టర్ ఒకాయన ఊరికి పోతూ, ఇంటి తొట్టిలో పెంచుకునే సముద్రపు పగడాన్ని ఆ దుకాణంలో అప్పగించిపోయాడు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరని. కరెంట్ పోయినప్పుడల్లా తొట్టిలో నీళ్ళు వేడెక్కి, పగడం తెల్లబడుతూ వచ్చింది. దుకాణంలో ఇన్వర్టర్ లేక కాదు. యజమాని దాన్ని నీళ్ళు చల్లబరిచే మిషన్‌కు కలపలేదు, వాకిట్లో బోర్డు లైట్లకు కలిపాడు. బయట బోర్డు వెలుగుతూనే ఉంది, లోపల ప్రాణం ఉడుకుతూనే ఉంది. రేపు డాక్టర్ వస్తాడు. పగడం చస్తే తప్పు బోర్డుది కాదు, తృప్తిది. ఉద్యోగం ఊడితే ఇంట్లో చాట సిద్ధంగా ఉంది.

మూత తీసి చూపించింది. పిడికిలంత పగడం, కొమ్మలు కొమ్మలుగా. ఒక పక్క ఇంకా ఇటుక రంగు. రెండో పక్క ఎముకలా తెలుపు.

ఎల్లయ్య వంగి చూసి నిట్టూర్చాడు.

"నేను గొప్పేం చేయలే బిడ్డా. ఒక ముక్క పగడానికి నీళ్ళు మార్చిన, అంతే. గది గూడ ఎవ్వరికి చెప్పొద్దనుకున్న."

"అయితే చెప్పకు," అన్నాడు సంతోష్. ఎల్లయ్య బాగుచేసిన మగ్గం మీదే నేస్తాడు వాడు.

"అడిగినంక చెప్పకుంటె పాపం రా! విను బిడ్డా. హోట్గి రోడ్ల ఒక సేట్ బంగ్లా. జనరేటర్ ఆగితే నన్ను పిలిచిండ్రు. పోయి చూస్తే హాల్‌ల గోడంత అద్దాల తొట్టి, అండ్ల సముద్రం! మనం నల్లా కాడ బిందెలు పట్టుకొని కూసుంటం, ఆయనకు ఇంట్లనే సముద్రం! అండ్ల ఒక పగడం తెల్లగయి ఒక మూలకు పడున్నది. సేట్ ఏమన్నడో ఎరుకేనా? 'ఎల్లయ్యా, పోయేటప్పుడు దీన్ని మోరీల పారెయ్' అన్నడు. రంగున్నన్ని దినాలు హాల్‌ల పెట్టుకొని, రంగు పోంగనే మోరీల! మా నాయినను గూడ గట్లనే పంపిండ్రు, ఛాతీల దూది నిండినంక."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. షెడ్డు మూలనుంచి ఎవరో దగ్గారు.

"నాకు రక్తం మసిలింది. దున్నేటోనిదే భూమి అంటరు గద, మరి బతికించెటోనిదే పగడం గాదా? టిఫిన్ డబ్బాల ఆ సముద్రపు నీళ్ళే ఇన్ని పోస్కొని ఇంటికి తెచ్చిన."

"ఇంట్ల యేడ పెట్టినవ్ మామా? తొట్టున్నదా?" తృప్తి అడిగింది.

"బియ్యం డ్రమ్మున్నది."

బాలమణి ఆకు కత్తిరిస్తూ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కత్తిరించింది.

"డ్రమ్మును షెడ్డు గోడకు ఆనించి పెట్టిన. గోడకు అవతల మన మగ్గాలు, ఖటక్ ఖటక్ ఖటక్. ఆ అదురుకు డ్రమ్ముల అలలు లేసినయి. సముద్రంల అలలు ఎవరు లేపుతరు? గాలి. నా ఇంట్ల ఎవరు లేపిండ్రు? నేతపనోళ్ళు! మగ్గం నడిస్తే పగడం వేళ్ళు చాపేది, మగ్గం ఆగితే ముడుసుకునేది. హర్తాళ్ నాడు పూరా పండుకున్నది, మనతోని కలిసి!"

"యూనియన్ చందా గూడ కట్టిందా?" మల్లప్ప చాయ్ వడగడుతూ అడిగాడు. నవ్వులు. తృప్తి నవ్వలేదు. ఆమె చెవి బకెట్ దగ్గరుంది. గుడగుడ కొంచెం మందగించింది.

"మామా, సెల్లులు అయిపోతున్నయి. దీన్ని నీకాడ పెడ్త. మరి నీళ్ళల్ల ఏ ఉప్పేసినవ్?"

"తెస్త ఆగు." ఎల్లయ్య లేచి లోపలికి పోయి ఒక టబ్బు నిండా నీళ్ళు, ఒక సంచి తెచ్చాడు. సంచిలోంచి దోసిళ్ళతో తీసి పోస్తూ, చేత్తో కలుపుతూ మాట ఆపలేదు. "గిదే ఉప్పు. మన రంగుల కార్ఖానాది."

తృప్తి వెనక్కి జరిగింది. "టవల్‌లకు రంగు పట్టనీకె ఏసే ఉప్పా? అది సముద్రపు ఉప్పు గాదు మామా. మా దుకాణంల వేరే ఉంటది."

"వేరే ఏంది వేరే? ఉప్పుకు గూడ కులమున్నదా? మాలిక్‌కు ఒక ఉప్పు, మజ్దూర్‌కు ఒక ఉప్పా? దుకాణపోడు డబ్బాల పోసి బొమ్మ అతికిస్తే సముద్రమైతదా? ఉప్పు అందరిది!"

"అందరిది!" అని నాలుగు గొంతులు అలవాటుగా పలికాయి. మా జబ్బు అదే. నినాదం చెవిన పడితే చాలు, అందులో నిజమెంతో చూడకముందే పిడికిలి లేస్తుంది. తృప్తి మా వైపు చూసింది. ఇంతమంది పెద్దవాళ్ళు ఔనంటుంటే కాదనడానికి ఆమె దగ్గర రేపు వచ్చే డాక్టర్ భయం తప్ప ఇంకేమీ లేదు. మూత అంచు మీద వేలు పెట్టి నిలబడింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నేను దానికి రోజు గంజి పోసిన, నూలుకు పెట్టే గంజే. తిన్నది. ముఖం తేటపడ్డది. ఒకనాడు పొద్దుగాల మూత తీస్తే ఏముంది, పగడం రాణి రంగు! మామూలు రాణి రంగు గాదు, పెండ్లి చాదర్‌ల ఉండే రాణి రంగు. పగడమే గాదు, డ్రమ్ముల నీళ్ళు గూడ రాణి రంగే! సంతోషం పట్టలేక రంగు బయటికి పొంగింది. నీళ్ళు మార్చిన. మళ్ళ రాణి రంగే. మళ్ళ మార్చిన. మళ్ళ గదే!"

రామచంద్రం కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బతుకంతా రంగుల కార్ఖానాలో నూలు ముంచినవాడు, గోళ్ళలో ఏదో ఒక రంగు ఎప్పుడూ ఉంటుంది.

"ఆనాడే అటక మీదికెంచి నూలు కండెలు జారి డ్రమ్ముల పడ్డయి. తీద్దామంటే పగడం విడువదు. కొమ్మలతోని పోగులు పట్టుకున్నది. షెడ్డుకు పోయి వచ్చి చూస్తే, నేసింది రా!"

"ఏం నేసింది?"

"టవల్! అంచు గూడ కట్టింది. ఒక్క పోగు తెగలే. సంతోష్, నీ మగ్గం మీద పోగులు ఎట్ల తెగుతయి?"

"ఆ మగ్గం రిపేరు చేసేది నువ్వే గద ఎల్లన్నా."

మేం పడి పడి నవ్వాం. ఎల్లయ్య నవ్వు ఆగేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించాడంటే పెద్దది రాబోతోందని అర్థం.

"నవ్వుండ్రి. ఆ ఖబర్ సముద్రానికి పోయింది. ఎట్ల పోయిందంటరా? ఉప్పు ఉప్పుకు చెప్తది. ముందుగాల హిప్పర్గ తలావ్‌ల ఆటుపోట్లు మొదలైనయి. చేపలు పట్టెటోళ్ళు వలలిడిసి ఉరికిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అరేబియా సముద్రం ముంబైల లేసింది, రైలు పట్టాల పొంటి నడిసింది, పుణె దాటింది, కుర్డువాడి టేషన్ల ఆగింది, తన బిడ్డను తీస్కపోనీకె! టేషన్‌మాస్టర్‌కు ఏ జెండా చూపాల్నో తెలుస్తలేదు. నేను పోయి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ. పాదాలు తడిసినయి, జరగలే. 'నీ కాడ తెల్లబడ్డదాన్ని మా బస్తీల రంగుకు తెచ్చినం. ఇప్పుడు గుర్తుకొచ్చిందా బిడ్డ? వాపస్ జా! ఇంక్విలాబ్!' అన్న."

"జిందాబాద్!" అన్నాడు మల్లప్ప, కళ్ళు తుడుచుకుంటూ.

"పోయింది! తోక ముడుసుకొని పోయింది!"

ఆ నవ్వుల మధ్య ఏదో తగ్గినట్టనిపించింది. ఏమిటో ముందు అర్థం కాలేదు. తృప్తికి అయింది. గుడగుడ ఆగిపోయింది.

ఆ పిల్ల మూత తీసేసింది. "మామా, ఇగ మాటలొద్దు. నీళ్ళల్ల ఏస్తే బతుకుతదా? నీ మీద భరోసా పెట్టి ఇస్తున్న."

ఎల్లయ్య చేయి బకెట్‌లో పెట్టాడు. పగడాన్ని పైకి తీశాడు. నీళ్ళు కారుతున్నాయి. టబ్బు మీదికి చేయి జరిపాడు. అక్కడ ఆగింది చేయి.

"ఎయ్యి మామా!"

"ఆగు ఎల్లయ్యా," అన్నాడు రామచంద్రం కాక. "పక్కా రంగు నీళ్ళల్ల దిగదు. నీళ్ళు మార్చినప్పుడల్లా రాణి రంగు దిగుతున్నదంటివి. దిగేది కచ్చా రంగు. ప్రాణమున్నదానికి కచ్చా రంగు ఎట్లుంటది?"

"కాకా, నువ్వు నూలు సంగతి చెప్తున్నవ్..."

"బాలమణీ, దాన్ని జెర తెస్తవా బిడ్డా."

బాలమణి చాట పక్కన పెట్టింది. భర్త వైపు చూడకుండా లోపలికి పోయి స్టీలు గిన్నె తెచ్చింది. అందులో రాణి రంగు పగడం. ఎంత అందంగా ఉందంటే, ఒక్క క్షణం తృప్తి ముఖం వెలిగింది.

కాక భుజం మీది తెల్ల టవల్ కొస తడిపాడు. సరుకు పంపే ముందు చాదర్‌ను ఎలా పరీక్షిస్తాడో అలాగే, వేలికి చుట్టి, ఒత్తి, రుద్దాడు. టవల్ కొస రాణి రంగు. పగడం మీద వేలు తగిలినంత మేర తెలుపు.

"కాకా," అన్నాడు ఎల్లయ్య, "అది రంగు గాదు. ఎండకు దానికి చెమట పట్టింది."

సంతోష్ కూడా నవ్వలేదు. తృప్తి ఎల్లయ్య చేతిలోంచి తన పగడాన్ని మెల్లగా తీసుకుని బకెట్ నీళ్ళలో పెట్టింది. "నీది ఎప్పుడు సచ్చింది మామా?"

జవాబు బాలమణి చెప్పింది. "ఆ ఉప్పేసిన మర్నాడే. ఈయన తిండి గూడ తినలే. ఆ తర్వాతనే రంగు తెచ్చిండు."

చచ్చినదానికి రంగేసి బతికిందని చూపించే విద్య ఎల్లయ్య కనిపెట్టింది కాదు. బోర్డు లైట్లు వెలిగించి లోపల ఉడికించేవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. కాకపోతే వాళ్ళెవరూ తిండి మానరు.

"గట్లయితే నువ్వు గూడ రంగేసి ఇచ్చెయ్యి," అన్నాడు సంతోష్, నేల చూస్తూ. "డాక్టర్‌కు ఏం తెలుస్తది?"

"ఇది ఇంక సగం బతికే ఉన్నది. రంగేస్తే ఆ సగం గూడ సస్తది." తృప్తి ఫోన్ తీసింది. మా ముందే చేసింది. "సర్, మీ పగడం తెల్లబడ్డది. సగం. హాఁ సర్, దుకాణంల. నీళ్ళు చల్లగ చేసే మిషన్ బందయింది, ఇన్వర్టర్ బోర్డు లైట్లకే పెట్టిండ్రు సర్. నేనే చూసుకున్న, హాఁ, నేనే." తర్వాత చాలాసేపు హాఁ సర్, హాఁ సర్. అవతల ఏమన్నాడో మాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసింది.

"వాళ్ళింటికే తీస్కరమ్మన్నడు. ఇంట్ల మిషన్ ఇన్వర్టర్ మీద నడుస్తదంట, వాచ్‌మన్ తలుపు తీస్తడంట. నా నౌకరీ సంగతి దుకాణంల మాట్లాడుకోమన్నడు." బకెట్ మీద చేయి పెట్టి చూసింది. "కానీ అందాంక నీళ్ళు కాగిపోతయి."

రామచంద్రం కాక తన టవల్‌ను మల్లప్ప కుండలో ముంచి, పిండకుండానే బకెట్ చుట్టూ చుట్టాడు. సంతోష్ తన టవల్ తడిపాడు. నేనూ తడిపాను. మంచినీళ్ళ బిందెకు తడిగుడ్డ చుట్టడం ఈ ఊళ్ళో ఎవరికీ నేర్పక్కర్లేదు, టవల్ లేని భుజం ఈ పేటలో లేదు. బకెట్ చుట్టూ షోలాపూర్ మందంగా పేరుకుంది. అన్నిటికంటే లోపల, నీళ్ళకు దగ్గరగా, రాణి రంగు మరక ఉన్న టవల్.

ఎల్లయ్య ఎప్పుడు లేచాడో మేం చూడలేదు. లోపల్నుంచి టార్చిలైటు తెచ్చి, మర విప్పి, సెల్లులు తీసి పంపులో వేశాడు. మూత బిగించాడు. ఎల్లయ్య నోరు మూసుకుని పనిచేయడం నేను చూసింది అదొక్కసారే.

గుడగుడ మొదలైంది.

తృప్తి బకెట్‌ను కాళ్ళ మధ్య ఇరికించుకుని స్కూటీ తిప్పింది. "పోయొస్త మామా," అంది అతనికే. సందు మలుపు దాకా నీళ్ళ చుక్కలు పడుతూ పోయాయి, పడ్డవి పడ్డట్టే ఆరిపోయాయి.

ఎల్లయ్య టబ్బులోని ఉప్పునీళ్ళను మోరీలో పారబోశాడు. ఖాళీ టబ్బు పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత మా వైపు తిరిగాడు. ఛాతీ మెల్లగా పొంగుతోంది.

"చూసిండ్రా? సముద్రానికి ఊపిరి ఆగిపోతే, ఒక్క టార్చిలైటుతోని..."

"ఆ టార్చి నాది," అంది బాలమణి చాట ఒళ్ళోకి లాక్కుంటూ. "మాపటికి కొత్త సెల్లులు తెచ్చి పెట్టు."