డెమో క్లాసుల చల్లగాలి

అమ్మమ్మా, నువ్వు అమీర్‌పేటల కంప్యూటర్ క్లాసులకు పోయినవంట, నిజమేనా?

పోయిన బిడ్డా. ఎవరు జెప్పిన్రు, మీ తాతనేనా? నేర్సుకునేటందుకు కాదు తియ్, ఏసీ కోసం పోయిన. నవ్వకు, ఇను. గప్పుడు నాకు నలభై ఆరు... కాదు, నలభై ఏడు, మీ అమ్మ పెండ్లయిన యాడాది గదా. కూసున్నకాడనే మెడకెళ్ళి మంట లేసేది, రైక తడిసిపోయేది. ముట్టు సుత ఒక నెల వస్తే రెండు నెల్లు రాకపోయేది. గుండె దడదడ. ఇగ గుండెజబ్బే, నా పని అయిపోయింది అనుకున్న. మస్తు భయమైంది గని ఎవ్వరికి చెప్పలే. మీ తాత సనత్‌నగర్ల కంపెనీకి పోతుండె, అన్నం వడ్డించుకునుడు సుత రాదు. నేను పోతే ఈ మనిషి ఎట్ల బతుకుతడని పప్పుచారు నేర్పవట్టిన. ఎందుకో ఆయనకు తెల్వదు పాపం. పోపు ఎన్నిసార్లు మాడగొట్టిండో!

ఆఁ, ఏసీ ముచ్చట. అమీర్‌పేటల గల్లీకొక కోచింగు, డెమో క్లాసు ఫ్రీ. కంప్యూటర్లున్నకాడ ఏసీ ఉంటది గదా. కూరగాయల సంచి పట్టుకొని ఎనక బెంచీల కూసునేది. సారు ఏందో చెప్తుండు, నేను తల ఊపుతున్న. కొడుకును చేర్పిస్తనని చెప్పేది. నాకు కొడుకేడున్నడు!

ఒకనాడు పక్కకు ఒకామె కూసుంది, విజయవాడ దిక్కామె, వరలక్ష్మి గారని. కొంగుతోని ఒకటే విసురుకుంటుంది. నన్ను జూసి మెల్లగ అడిగింది, "మీరు కూడా ఈ వేడి ఆవిర్లు తట్టుకోలేకే వచ్చారా అండీ?"

ఆవిర్లేందమ్మా అన్న. ముట్లాగే వయసుల చానమందికి గిట్లనే అయితదని ఆమెకు డాక్టరమ్మ జెప్పిందట. నాకు నవ్వాగలే బిడ్డా, ఆమె సుత నవ్వుడే. సారు పాఠం ఆపి, ఏమన్న డౌటా మేడం అన్నడు. తీరింది సార్ అన్న.

అటెంకనే నన్ను పంజాగుట్టల ఆ డాక్టరమ్మ కాడికి తీస్కపోయింది. ఆటోకు గప్పుడు ఎంతనుకున్నవ్... సరే, అదట్లుంచు. డాక్టరమ్మ గుండె పరీక్ష జేసి, ఏం కాలే, నడువు, రాగులు తిను, రక్తం ఎక్కువ పోతే మాత్రం ఆగకుండ రా అన్నది.

ఇంటికొచ్చి మీ తాతకు అన్ని జెప్పిన. చస్తననుకొనే వంట నేర్పిన అని సుత జెప్పిన. గంటె పట్టుకొని నిలవడ్డడు, కండ్లల్ల నీళ్ళు.

"నాకు పోపు ఇంక రానే రాలేదు," అన్నడు. "నువ్వు యాడికి పోతవే?"

గీ మాట ఆయన ముందట అనకు, సిగ్గువడ్తడు. నువ్వు మాత్రం ఒంట్లె ఏమైనా దాచుకోకు బిడ్డా. నవ్వుకుంట నూరేండ్లు బతుకు...