ఫైవ్ నైన్ అమ్మా

లోపలికి రా అమ్మాయ్. గడపలో నిలబడి మాట్లాడితే నాకు సరిగ్గా వినపడదు. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు. ఇటు కూర్చో. ఏమన్నావు, డాబా తాళమా? రేడియో క్లబ్బా? ఇంకా ఉందా ఆ క్లబ్బు. మూసేశారేమో అనుకున్నాను, ఇటు ఎవరూ రారు కదా. శని, ఆదివారాలు పోటీ. మీ హాస్టల్ ముందు పెద్ద బిల్డింగు లేచింది, అడ్డం. ఈ వీధిలో ఎత్తయిన డాబా నాదే. తెలుసులే, అప్పుడూ ఇదే మాట చెప్పారు. ఏంటి, దగ్గా? మంచినీళ్ళు ఇదిగో. ఏం లేదా? సరే.

మావాడు మీ కాలేజీలోనే చదివాడు. నువ్వు అప్పటికి పుట్టి కూడా ఉండవు. పైన నీళ్ళ ట్యాంకు పక్కన గది చూశావా, పాత సామాన్లకని వాళ్ళ నాన్న కట్టించారు. ఆయన పోయాక సామాన్లు కిందికొచ్చాయి, రేడియో పైకెక్కింది. ఈ చివర్నుంచి ఆ చివరికి మావాడు ఏరియల్ తీగ కట్టాడు, నా బట్టల తీగ విప్పేసి మరీ. ‘అమ్మా, నీ చీరలకంటే ఇది చాలా దూరం వెళ్తుందే’ అన్నాడు. నా చీరలు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదురా, ఆరితే చాలు అన్నాను. వాడితో ఇంకోడు ఉండేవాడు, కళ్ళజోడు ఇంత మందం, అందరూ సోడాబుడ్డి అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేదాన్ని, పాపం పలికేవాడు. ఇద్దరూ అక్కడ కూర్చుని ముక్కూ మొహం తెలీనివాళ్ళని పిలుస్తుండేవాళ్ళు. సీక్యూ, సీక్యూ అని. అంటే ఏంట్రా అంటే, ‘ఎవరైనా ఉన్నారా అని అడగడం అమ్మా’ అన్నాడు. కింద నేనున్నాను కదరా అన్నాను. నవ్వాడు. వాళ్ళ నాన్న నవ్వే. ఒకవైపే.

నీకు ఆలస్యం అవుతోందా? లేదు కదా. కింద వాటాలో టైలర్ ఉండేవాడు. వీడు పైన మాట్లాడితే అతని టీవీలో పడేది. సినిమాలో హీరోయిన్ ఏడవబోతూ నోరు తెరుస్తుంది, మావాడి గొంతొస్తుంది. ‘సీక్యూ కాంటెస్ట్, సీక్యూ కాంటెస్ట్!’ టైలర్ మెడలో టేపు వేసుకునే మెట్లెక్కి వచ్చేవాడు. ‘ఏం చెల్లెమ్మా, మీవాడు నా టీవీలో కాపురం పెట్టాడా? కనీసం ఆడగొంతయినా పెట్టమను.’ మావాడు వెళ్ళి ఆ టీవీ వెనకాల ఏదో చిన్న డబ్బా తగిలించి వచ్చాడు. ఫిల్టరట. అప్పట్నుంచి తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, తగ్గింది.

ఏం చెప్తున్నాను? ఆ, ఫైవ్ నైన్. నీకు నేను చెప్పాలా, నీకే బాగా తెలుసు. నాకు వాడే చెప్పాడు. మాట ఎంత స్పష్టంగా ఉందో మొదటి అంకె, ఐదును మించి లేదు. ఎంత గట్టిగా వస్తోందో రెండోది, తొమ్మిదిని మించి లేదు. ఫైవ్ నైన్ అంటే ఇక వంక పెట్టడానికి లేదన్నమాట. ఇంట్లో కూడా అదే భాష. టీ ఎలా ఉందిరా? ఫైవ్ నైన్. పరీక్ష ఎలా రాశావు? ఫైవ్ నైన్. ఒకసారి కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, దానికీ ఫైవ్ నైనే. అప్పుడు నేను నవ్వుకున్నాను.

ఆ ఏడాది మీ క్లబ్బు ఎలాగైనా గెలవాలని పట్టుబట్టింది. రెండు రోజుల్లో ఎవరు ఎక్కువమందితో మాట్లాడితే వాళ్ళు గెలిచినట్టు, అంతేగా? వంతులు వేసుకున్నారు. తీరా చూస్తే ఇద్దరు ఎగ్గొట్టారు. సోడాబుడ్డికి రెండోరోజు పొద్దున్నే గొంతు పోయింది. పిల్లి పిల్లలాగా కీచుమంటున్నాడు. ఇంకెవరున్నారు, మావాడే. వాడికి ముందురోజు నుంచీ కడుపులో నొప్పి. ఎక్కడరా అంటే బొడ్డు చుట్టూ అన్నాడు, తర్వాత కుడిపక్క అన్నాడు. డాక్టరు దగ్గరికి పోదాం, లేవరా అన్నాను. ‘సాయంత్రం అయిపోతుందమ్మా, అయిపోగానే వెళ్దాం.’ పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. సోడాబుడ్డి కూడా చేతులతో సైగ చేశాడు, ఆపేద్దాం రా అని. ‘నువ్వు నోర్ముయ్, అసలే గొంతు లేదు నీకు’ అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఎక్కుతూనే ఉన్నాను ఆ మెట్లు. ఎలా ఉందిరా అని అడగడం, వాడు చెవి మీద హెడ్‌ఫోన్ డబ్బా ఒకటి పక్కకి లాగి, ‘ఫైవ్ నైన్ అమ్మా’ అనడం. మళ్ళీ ఎవరికో, ఏ సముద్రానికి అవతల ఉన్నవాడికో, అదే గొంతుతో ఫైవ్ నైన్. మధ్యాహ్నం దాటాక ఎక్కితే మొహం తేటగా ఉంది. చెమట కూడా లేదు. నొప్పి పోయిందా? ‘ఫైవ్ నైన్.’ హమ్మయ్య అనుకుని దిగాను. బట్టలు మడత పెట్టుకున్నాను.

సాయంత్రం పోటీ అయిపోయింది. గోడ పట్టుకుని దిగాడు. చివరి మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది, లోపల పేగు పగిలిందట, తెచ్చేసరికే ఆలస్యమైపోయిందట. పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గినట్టు ఉంటుందట. అంటే ఆ మధ్యాహ్నం చెప్పిన ఒక్కటీ నిజమేనేమో. ఆ ఒక్కసారీ వాడు నిజంగానే బాగున్నాడేమో. దాన్ని పట్టుకుని కూర్చుంటాను ఒక్కోసారి. ఇల్లంతా సద్దు లేకుండా ఉంటుంది కదా, ఏదో ఒకటి పట్టుకోవాలి.

తర్వాత సోడాబుడ్డి వచ్చేవాడు కొన్నాళ్ళు. నువ్వు కూర్చున్నచోటే. అతనే చెప్పాడు. ‘పోటీలో అందరికీ అదే ఇస్తామమ్మా. టైముండదు. వినపడినా అదే, వినపడకపోయినా అదే. ఫైవ్ నైన్ అంటాం, ఆ వెంటనే, మీరెవరో మళ్ళీ చెప్పండి, వినపడలేదు అంటాం.’ అని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత రావడం తగ్గించాడు. నేనేమీ అనుకోలేదు. పిల్లలకి భయం వేస్తుంది నాలాంటివాళ్ళ దగ్గర కూర్చోవాలంటే. ఫలితాలు నెలల తర్వాత వస్తాయటగా. గెలిచారు. కప్పు పట్టుకుని అంతా వచ్చారు, ఇక్కడ పెట్టమంటారా ఆంటీ అని. మీ క్లబ్బులోనే పెట్టుకోండి నాన్నా అన్నాను. పైగదికి తాళం వేశాను. తీగ మాత్రం ఉంది. గాలి వేస్తే వెళ్ళి ట్యాంకుకి కొట్టుకుంటుంది. మొదట్లో లేచి కూర్చునేదాన్ని.

టైలర్ కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయాడనుకో. వెళ్ళేముందు ఒకసారి పైకొచ్చాడు. ‘చెల్లెమ్మా, మీవాడు టీవీకి పెట్టిన డబ్బా, వాడు పోయిన వారమే తీసేశాను’ అన్నాడు. ఎందుకన్నయ్యా అన్నాను. ‘ఊరికే’ అన్నాడు. టీ చల్లారిపోయింది, తాగకుండానే దిగాడు.

ఇదిగో తాళంచెవి. లేదులే, ఇవ్వనని కాదు ఇంతసేపు చెప్పింది. అంత మొహం చిన్నబుచ్చుకోకు. తుప్పు పట్టింది తాళం, నూనె చుక్క వెయ్యాలి. తలుపు కింద పట్టేస్తుంది, కొంచెం ఎత్తి తొయ్యాలి. ట్యాంకు పక్కన నాచు, జారుతుంది. ఎంతమంది కూర్చుంటారు? అదేంటి, మిగతావాళ్ళంతా పరీక్షలని ఎగ్గొడితే రెండు రోజులూ నువ్వొక్కదానివే మాట్లాడతావా? ఆగు, చెయ్యి చాపకు. మళ్ళీ దగ్గావు. వచ్చినప్పటి నుంచీ గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని దగ్గుతున్నావు. చూడట్లేదు అనుకున్నావా? ఏం లేదండీ, బాగానే ఉందండీ అని నాతో అనకు. ఎన్నాళ్ళ నుంచి? రేడియోలో వాళ్ళకి చెప్పినట్టు కాదు. నా వైపు చూసి చెప్పు.