ఎర్త్ బోల్టు కింద రంగు

బోధన్ రోడ్డు మీద, ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చిన ఇద్దరు కారు మెకానిక్కులు. కారులో లోపం చూపించే స్కానరు కొన్న చిన్నవాడి షెడ్డుకు పెద్దవాడు వచ్చాడు.

“నా గిరాకీ, చెన్నకేశవరావు సారు కారు, నీ దగ్గరికెట్లొచ్చింది?”

“ఏబీఎస్ లైటు ఆరుతలేదని తెచ్చిండన్నా. స్కానరు పెడితే బ్రేకు మాడ్యూలు జవాబియ్యలే.”

“ఇంకేంది, కొత్తది అంటగట్టినవు.”

“లేదన్నా. దాని ఎర్త్ వైరు చూసిన. బోల్టు కింద రంగుండె, కరెంటు అందుతలేదు. గీకి బిగించిన, లైటు ఆరింది.”

“ఎవడేసిండు రంగు?”

“మొన్న తుప్పు పట్టిందని బోల్టు ఇప్పి నువ్వే ఏసినవు గదా.”



“సారుకు చెప్పినవా?”

“ఎలుక వైరు కొరికిందని చెప్పిన.”

“గిరాకీ నీకు, మిషను నీకు. ఇగ మంచోడివి గూడ నువ్వే కావాల్నా? పోయి నా పేరు చెప్పు.”