జోరు టైర్లూ జారుడు చెల్లెలూ

టైర్ల షాపు. లిఫ్టు మీద ఎర్రని చిన్న కారు నాలుగు కాళ్ళూ గాల్లో వేలాడేసుకుని ఉంది. కింద దాని యజమాని, అతని చెల్లెలు, షాపాయన. మొత్తం మీద నోరు మూసుకుని ఉన్నది కారొక్కటే.

“…అందుకే చెప్తున్నా మాస్టారూ, మామూలు టైర్లు తెచ్చి దీని మొహాన కొట్టకండి. ఇది కారు కాదు, చిరుత. చిరుతకి ఎవరైనా హవాయి చెప్పులు తొడుగుతారా?”

“చిరుతకి అసలు చెప్పులే తొడగరు సార్. సరే, మీ మనసులో ఉన్న టైరేదో చెప్పండి.”

“రాసుకొచ్చాను. వారం రోజులు కూర్చుని చదివా. ఇదిగో కాగితం. ఎండాకాలం టైరు, ఇప్పుడున్నదాని కంటే రెండు వేళ్ళు వెడల్పు, అంకెల చివర Y అక్షరం. ఆ అక్షరం ఉంటే గంటకి మూడొందల కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది, తెలుసా మీకు?”

“ముప్ఫై ఏళ్ళుగా అమ్ముతున్నాను కదా, కొద్దికొద్దిగా తెలుసు. మీ కారు మూడొందలు పోతుందా?”

“పోదనుకోండి. ఉండటం ముఖ్యం.”

“కారు పోదు సార్. మీరు పోతారు.”

“అన్నయ్యా, బాబాయ్ గారిని నేనొకటి అడగొచ్చా?”

“నువ్వా? టైర్ల గురించా? మాస్టారూ, ఈవిడ మా చెల్లెలు. ఇంట్లో ముద్దుపేరు జారుడుబల్ల. ఎందుకంటారా, పది రోజుల కిందట నా కారు తీసుకెళ్ళింది. నాలుగు చినుకులు పడ్డాయి. అంతే, వంతెన దిగే మలుపులో మేడమ్ గారు గిర్రున తిరిగి ఫుట్‌పాత్ ఎక్కేశారు.”

“ఎవరికీ ఏం కాలేదు బాబాయ్ గారూ. ఒక చెత్తకుండీ పడిపోయింది.”

“దాని ఖర్మ కాలి అక్కడ కూర్చుంది.”

“నాలుగు చినుకులు కాదు, రోడ్డంతా నీళ్ళే. అయినా నేను అరవై దాటలేదు. బ్రేకు గట్టిగా తొక్కలేదు. ఉన్నట్టుండి కారు పడవైపోయింది. స్టీరింగు ఎటు తిప్పినా చేతికి ఏమీ తగల్లేదు.”

“విన్నారా? చేతికి తగల్లేదట. చెత్తకుండీకి తగిలింది.”

“మిమ్మల్ని కాదు సార్. అమ్మా, ఏదో అడుగుతానన్నావు.”

“నేను నర్సునండీ. సోమవారం నుంచి కొత్త ఉద్యోగం. ఇళ్ళకి వెళ్ళి మంచం మీదున్నవాళ్ళకి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం. కారు ఉంటేనే తీసుకుంటారు. ఈ కారిస్తానని అన్నయ్య మాటిచ్చాడు…”

“అది జారకముందు ఇచ్చిన మాట.”

“…ఇప్పుడు ఇవ్వనంటున్నాడు. వస్తానో రానో ఇవాళ అయిదింటిలోపు ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. నాలాంటిదాని చేతిలో కూడా వానలో జారని టైరు ఏదైనా ఉంటుందా?”

“నీలాంటిదంటే ఏంటమ్మా?”

“ఏమో. పది రోజులుగా అదే వింటున్నాను. మొన్న ఆగి ఉన్న కార్లో కూర్చుని కూడా తాళం తిప్పలేక దిగిపోయాను.”

“ఆగి ఉన్న కార్లో కూడా. చూశారా మాస్టారూ? నేను చెప్పేది అదే. ఫోన్ చేసి రానని చెప్పెయ్యి. మంచం మీదున్నవాళ్ళు నువ్వు వెళ్ళకపోతేనే క్షేమంగా ఉంటారు. అమ్మ కూడా అదే అంది.”

“అమ్మ అనలేదు. నువ్వన్నావు, అమ్మ తలూపింది.”

“తల ఊపిందిగా, అడ్డంగా ఊపలేదుగా. నడపడమంటే పట్టు ఉండాలే, పట్టు.”

“పట్టు ఉండాల్సింది టైరుకి సార్. మనిషికుంటే పట్టుదలంటారు. మీకున్నదాన్ని మంకుపట్టంటారు.”

“మీరు టైర్లు అమ్ముతారా, మాటలు అమ్ముతారా?”

“మాటలు ఊరికే ఇస్తాను. ఇంక మీ కాగితం సంగతి. రెండు వేళ్ళు వెడల్పుది నేను బిగించను. మలుపు తిప్పగానే చక్రం గూటికి రాసుకుంటుంది. మీరు రాసుకొచ్చారు గనక అది కూడా రాసుకోవాలంటే మీ ఇష్టం.”

“వెడల్పుంటే చూడ్డానికి ఎలా ఉంటుందో తెలుసా?”

“తెలుసు. రిమ్ము చూపించి రొమ్ము విరుచుకోవచ్చు. కానీ టైరు ఎంత వెడల్పైతే నీళ్ళ మీద అంత తొందరగా తేలుతుంది. అసలు ఒకటి చెప్పండి, ఉన్నవెందుకు మారుస్తున్నారు?”

“అరిగిపోయాయి.”

“ఎక్కడ? గేజీ పెట్టి చూపిస్తున్నా, ఇదిగో. గాడి లోతు ఇంకా సగం పైనే ఉంది. ఈ ఎండాకాలం, వచ్చే ఎండాకాలం కళ్ళు మూసుకుని తిరగొచ్చు.”

“కళ్ళు మూసుకుని తిరిగింది కదా మా చెల్లెలు, అందుకే. ఫుట్‌పాత్ ఎక్కించింది. లోపల దెబ్బ తిని ఉంటాయి.”

“లోపల దెబ్బ ఉంటే విప్పి చూస్తే తెలుస్తుంది.”

“చూడక్కర్లేదు. విప్పండి, పారెయ్యండి, కొత్తవి వెయ్యండి. మధ్యలో చూడ్డం దేనికి?”

“గంతలు కట్టుకుని విప్పమంటారా?”

“అబ్బా. మీతో మాట్లాడి టైర్డైపోయాను.”

“టైర్ల షాపుకొచ్చి టైర్డవకపోతే ఎలా సార్. అమ్మా, ఇలా రా. నువ్వడిగిన టైరు ఇది. ఎండలో అతుక్కుంటుంది, వానలో పరువు తియ్యదు. ఈ గాడులు చూడు, ఈకల్లా ఏటవాలుగా ఉన్నాయి. పక్కన బాణం గుర్తుందే, చక్రం అటే తిరగాలి. అటు తిరిగితే నీళ్ళని బయటికి చిమ్మేస్తుంది.”

“ఇటు తిరిగితే?”

“లోపలికి లాక్కుంటుంది. అప్పుడు ఎంత మొనగాడు నడిపినా తడి రోడ్డు మీద తేలిపోవాల్సిందే.”

“ఈ పాఠాలన్నీ నాకు తెలుసు మాస్టారూ. టైం చూడండి. పని కానివ్వండి.”

“మాకున్న ఈ పాతవి కూడా బాణాలవేనా బాబాయ్ గారూ?”

“అవేనమ్మా.”

“సరిగ్గానే ఉన్నాయా? బాణం ముందుకే ఉందా?”

“ఉండు… ఇది ముందుకే. అది ముందుకే. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి.”

“విన్నావా? నాలుగూ సరిగ్గానే ఉన్నాయట. టైరు మీద నెడదామనుకున్నావు, కుదర్లేదు. ఇంక తప్పు ఎవరిది?”

“నాదే. సరే అన్నయ్యా. ఫోన్ చేసేస్తాను.”

“చెయ్యి. ఇందులో సిగ్గు పడాల్సిందేం లేదు. ఎవరికి వచ్చింది వాళ్ళు చెయ్యాలి.”

“హలో… సూపరింటెండెంట్ మేడమ్ ఉన్నారా? … పిలవండి, లైన్లోనే ఉంటానండీ.”

“అమ్మా, ఒక్క క్షణం. ఈ చక్రం విప్పాను. లోపలి పక్క తెల్ల రంగుతో ఏదో రాసుంది.”

“కంపెనీవాళ్ళ గుర్తు. పక్కన పడెయ్యండి.”

“కంపెనీవాళ్ళు తెలుగులో రాస్తారా సార్? ‘ఎ’ అని రాసి కొట్టేశారు, పక్కన ‘కు’ అని పెట్టారు. అవతలి పక్క దానికి ‘కు’ కొట్టేసి ‘ఎ’ పెట్టారు.”

“ఎడమ, కుడి. అది అన్నయ్య రాతే. కారు పిచ్చి కదా, చలికాలానికీ ఎండాకాలానికీ వేరే వేరే టైర్లు పెట్టుకుని వాడే మార్చుకుంటాడు బాబాయ్ గారూ. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వడు.”

“అదీ సంగతి. విప్పేటప్పుడు కారుకి ఎదురుగా నుంచుని రాసుంటారు. ఎదురుగా నుంచుంటే మీ ఎడమ కారుకి కుడి. మళ్ళీ బిగించేటప్పుడు సీట్లో కూర్చున్నట్టు లెక్కేసుకున్నారు. కుడివి ఎడమకొచ్చాయి, బాణాలన్నీ వెనక్కి తిరిగాయి. మామూలు టైరుకైతే ఏం కాదు సార్. బాణం టైరుకి ప్రాణం మీదకొస్తుంది.”

“తెలుసుకున్నా, సరిదిద్దా. ఇప్పుడు సరిగ్గా ఉన్నాయని మీ నోటితో మీరే అన్నారు.”

“ఎప్పుడు దిద్దావన్నయ్యా?”

“ఎప్పుడో. గుర్తులేదు.”

“కారు నాకిచ్చే ముందా, తరవాతా?”

“ముందే.”

“నిజంగా ముందేనా?”

“ముందే అన్నానా. బిగించిన మర్నాడే చూసుకున్నా, మార్చేశా. నీకు అన్నీ సరిగ్గా ఉన్న కారే ఇచ్చాను. నువ్వే జార్చావు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?”

“అక్కర్లేదు… హలో మేడమ్, నమస్తే. సోమవారం చేరాల్సిన నర్సుని. క్షమించండి మేడమ్, నేను—”

“అమ్మా, ఫుట్‌పాత్‌కి రాసుకున్నది కారుకి ఏ పక్క?”

“ఎడం పక్క బాబాయ్ గారూ. ముందు చక్రం.”

“ఎడం పక్క రిమ్ము మీద చిన్న గీత కూడా లేదు. రాపిడంతా కుడి పక్క చక్రానికుంది.”

“కుడి పక్కకి ఏమీ తగల్లేదే.”

“తగల్లేదు కదా. ఏం సార్, ఈ గీత నడుచుకుంటూ అటు పక్కకి వెళ్ళిందా?”

“మాస్టారూ, మీరు చెప్పిన టైర్లే వెయ్యండి. ఏవో ఒకటి వెయ్యండి.”

“అంటే నేను గుద్దాక చక్రాలు అటూ ఇటూ మార్చావు. గుద్దాక.”

“చెప్దామనే అనుకున్నానే. అప్పటికే అందరూ నిన్ను…”

“హలో… ఆఁ, లైన్లోనే ఉన్నాను మేడమ్. ఇందాక నేను ‘క్షమించండి’ అన్నది పొరపాటు. ఆ మాట అనాల్సిన మనిషి నా పక్కన నుంచున్నాడు. సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?”